స్వస్థత కోసం గుడికి వెళ్తున్నారా? మాత్రల డబ్బా కూడా సంచిలో పెట్టుకోండి

ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు చేసింది, లేదా మీకే చేసింది. డాక్టర్లు చేయాల్సింది చేస్తున్నారు, అయినా లోపల ఏదీ కుదుటపడటం లేదు, దేవుడి దగ్గరికి వెళ్ళాలనిపిస్తోంది కానీ ఎవర్ని అడగాలో, ఏమని అడగాలో తెలియడం లేదు. అలాంటివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మూడేళ్ళ క్రితం మా అమ్మకి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని చెప్పినప్పుడు నాకు ఇవన్నీ విడమరిచి చెప్పినవాళ్ళు లేరు, అన్నీ తప్పులు చేసి తెలుసుకున్నవే. మాది విశాఖపట్నంలో జ్ఞానాపురం. పుట్టింటివాళ్ళు కథోలికులు, అత్తగారిది ప్రొటెస్టెంట్ కుటుంబం. అందుకని జపమాల చెప్పుకునేవాళ్ళ పద్ధతీ తెలుసు, శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వెళ్ళేవాళ్ళ పద్ధతీ తెలుసు. రెండు వైపుల నుంచీ చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. అమ్మ ఇప్పటికీ వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి వెళ్తోంది, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు ఆ మంచం మీదే. కిడ్నీలు బాగైపోయాయనే సాక్ష్యం చివర్లో వస్తుందని ఎదురుచూడకండి. అయినా అమ్మకి స్వస్థత కలిగిందనే నేను నమ్ముతున్నాను, ఎందుకలా అంటున్నానో చదివితే మీకే తెలుస్తుంది. స్వస్థత అన్న మాటలో ‘స్వ’ ఉంది, ‘స్థ’ ఉంది, అంటే మనిషి తనలో తాను ఉండటం. జబ్బు మనిషిని తనలోంచి బయటికి గెంటేస్తుంది కదా, రిపోర్టులు, బిల్లులు, సూదులు తప్ప ఇంకేమీ మిగలదు. మళ్ళీ లోపలికి రావడానికి ఆరాధన ఒక దారి. శరీరం కూడా బాగుపడితే దేవుడికి వెయ్యి స్తోత్రాలు, అది అడగడం తప్పు కానే కాదు, గట్టిగానే అడగండి.

అన్నిటికంటే ముందు ఒక కాగితం తీసుకుని ఏం అడగాలనుకుంటున్నారో రాయండి. ‘అంతా మంచి జరగాలి ప్రభువా’ అని కాకుండా, విడివిడిగా రాయండి. బర్తిమయి గుడ్డివాడని చూసినవాళ్ళందరికీ తెలుసు, అయినా యేసు అతన్ని ‘నీకేం చేయమంటావు’ అని అడిగాడు (మార్కు 10). అంటే మన నోటితో మనం చెప్పడం ఆయనకి ముఖ్యం. అమ్మ చేత నేను రాయిస్తే మూడే మూడు రాసింది. సూది గుచ్చేటప్పుడు భయం పోవాలి, రాత్రి నిద్ర పట్టాలి, చెల్లెలు ఒక్కసారి ఇంటికి రావాలి. కిడ్నీల గురించి రాయలేదేంటమ్మా అంటే ‘అది ఆయనకి తెలుసు కదే’ అంది. ఆ కాగితం ఇప్పటికీ ఆమె బైబిల్లోనే ఉంది. మీరు కూడా రాశాక దాచుకోండి, మూడు నెలల తర్వాత తీసి చూస్తే ఏవి జరిగాయో ఏవి జరగలేదో నిజాయితీగా తెలుస్తుంది.

ఇప్పుడు మందుల సంగతి. దీని దగ్గరే చాలామంది దెబ్బతింటారు, మేమూ తిన్నాం కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను.

డయాలసిస్ మొదలైన కొత్తలో ఎవరో చెప్తే అమ్మ ఒక స్వస్థత కూటానికి వెళ్ళింది. నిజంగా నమ్మినవాళ్ళు మాత్రలు వదిలేస్తారని స్టేజీ మీద నుంచి అన్నారట. అమ్మ మాకెవరికీ చెప్పకుండా బీపీ మాత్రలు మానేసింది. రోజూ డబ్బాలోంచి తీసి చెత్తబుట్టలో వేసేదట, మేము వేసుకుందనుకునేవాళ్ళం. ఆరో రోజు రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంది, 108కి ఫోన్ చేశాం, అంబులెన్సులో చూస్తే పై బీపీ 220. బతికి బయటపడింది. ఆ తర్వాత వారం రోజులు అమ్మ బాధపడింది బీపీ గురించి కాదు, ‘నాకు విశ్వాసం చాల్లేదు’ అని. ఆ మాట చెప్పినవాళ్ళకి తెలియదు, అది మా ఇంట్లో ఎన్నాళ్ళు ఉండిపోయిందో.

బైబిల్ తెరిచి చూడండి. హిజ్కియా రాజు చావు దాకా వెళ్తే దేవుడు ప్రార్థన విన్నాడు, అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు (యెషయా 38). లూకా వైద్యుడు, పౌలు అతన్ని ప్రియమైన వైద్యుడనే పిలిచాడు (కొలొస్సయులకు 4). తిమోతికి కడుపు బాగోకపోతే పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వెళ్ళాల్సి వచ్చింది (2 తిమోతి 4). ఎవరి చేతి గుడ్డలు తాకి రోగులు బాగయ్యారో ఆ పౌలే తన పక్కనున్నవాణ్ణి జబ్బుతో వదిలి వెళ్ళాడు, అతనికి విశ్వాసం లేదని ఎక్కడా రాయలేదు. కాబట్టి బీపీ, షుగర్, ఫిట్స్, టీబీ, మానసిక జబ్బుల మందులు ఏవైనా సరే, డాక్టర్ తగ్గించమంటేనే తగ్గించండి, ఆపమంటేనే ఆపండి. టీబీ మందు మధ్యలో వదిలేస్తే జబ్బు మొండిదైపోయి తర్వాత మామూలు మందులకి లొంగదు. మాత్రలు వేసుకునేటప్పుడే ఒక చిన్న ప్రార్థన పెట్టుకోండి. మా ఇంట్లో అమ్మ మాత్ర అరచేతిలో పెట్టుకుని ‘ప్రభువా, దీన్ని పనిచేయించు’ అని వేసుకుంటుంది. చెత్తబుట్ట గొడవ అప్పటితో తీరిపోయింది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, పెద్ద పెద్ద కూటాల్లో కాదు, మీకు దగ్గరున్న చర్చిలో మామూలు ఆదివారం ఆరాధనలో. సీఎస్ఐ అయినా, బాప్టిస్టు అయినా, లూథరన్ అయినా, మా కథోలిక గుడి అయినా పరవాలేదు. ఆటోలో పది నిమిషాల్లో చేరగలిగేది చూసుకోండి, ఎందుకంటే జబ్బు మనిషిని ప్రతివారం గాజువాక నుంచి మధురవాడ దాకా తిప్పలేరు. పైగా మీ ఇల్లు తెలిసిన పాస్టర్ గారు, మీ వీధిలోని సంఘస్తులు ఉంటేనే అర్ధరాత్రి ఆసుపత్రికి ఎవరైనా తోడొస్తారు. వెనక వరసలో, తలుపు దగ్గర, ఫ్యాను కింద కూర్చోండి. మోకాళ్ళూనాల్సిన చోట ఊనలేకపోతే కూర్చునే ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్కోసారి ప్రార్థన నోటికి రాదు, పాట పాడబుద్ధి కాదు, అప్పుడు మిగతావాళ్ళు పాడుతున్నప్పుడు ఊరికే వినండి. ఎన్నో ఆదివారాలు నేను ఒక్క మాట కూడా అనకుండా వచ్చేశాను. పక్కన కూర్చున్న పెద్దావిడ నా వంతు కూడా పాడేసింది అనుకునేదాన్ని.

ఇక నూనె గురించి. ఇది కాస్త తీరిగ్గా చదవండి.

కథోలికుల్లో రోగుల అభ్యంగనం, అంటే రోగికి పవిత్ర నూనె రాసి ప్రార్థించడం, ఒక సంస్కారం, గుడి ఇచ్చే పవిత్ర కార్యాల్లో ఒకటి. పాతతరం వాళ్ళు దీన్ని అవస్థ అభ్యంగనం అనేవాళ్ళు, ఆ పేరు వల్లే ఫాదర్ గారు నూనె పట్టుకుని వస్తున్నారంటే ఇంట్లోవాళ్ళు ఏడుపు మొదలుపెట్టేవారు, ఇక అయిపోయిందని. రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కథోలిక బిషప్పుల సభ) తర్వాత 1972లో ఆరవ పౌలు పోపుగారు ఈ సంస్కారం పద్ధతిని సవరించారు. ఇప్పుడిది చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి మాత్రమే కాదు. పెద్ద జబ్బు ఉన్నవాళ్ళు, పెద్ద ఆపరేషన్‌కి వెళ్ళబోతున్నవాళ్ళు, వయసు మీద పడి బాగా నీరసించినవాళ్ళు అందరూ తీసుకోవచ్చు. జబ్బు ముదిరితే మళ్ళీ తీసుకోవచ్చు. కాబట్టి మాట పడిపోయి ఐసీయూలో ఉన్నప్పుడు పిలవడం కాదు, రోగి మెలకువగా ఉండి ఆమేన్ అనగలిగినప్పుడే పిలవండి. ఆ నూనె పవిత్ర వారంలో (ఈస్టర్ ముందు వారం) మేత్రాణులవారు, అంటే బిషప్ గారు, ఆశీర్వదించి అన్ని గుళ్ళకీ పంపుతారు. గురువులు (ఫాదర్లు) తప్ప వేరేవాళ్ళు ఈ సంస్కారం ఇవ్వలేరు, అందుకని ఇంట్లో ఉన్న కొబ్బరినూనె మీరే రాసేసి అదే అభ్యంగనం అనుకోవద్దు.

ఇంటికి వస్తామంటే పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. మంచం పక్కన చిన్న బల్ల, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ, ఒక సిలువ, కొవ్వొత్తి. ఇంట్లో ఆక్సిజన్ నడుస్తుంటే మాత్రం కొవ్వొత్తి వెలిగించకండి, అగరబత్తీ కూడా వద్దు, మంట అంటుకుంటే ఆర్పడం కష్టం. టీవీ ఆపేయండి, ఫోన్లు పక్క గదిలో పెట్టండి. వీడియో తీయకండి, దయచేసి.

మా ఇంటికి ఫాదర్ గారు ఒక బుధవారం సాయంత్రం వచ్చారు. అప్పటికి అమ్మ నెలరోజులుగా గోడవైపు తిరిగి పడుకునే ఉండేది, తల దువ్వనిచ్చేది కాదు, పలకరిస్తే ఊఁ అనడమే. ఆయన కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. చిన్న వాక్యం చదివారు. తర్వాత తల మీద చేతులుంచి మౌనంగా ఉన్నారు, ఆ మౌనం చాలాసేపు ఉన్నట్టనిపించింది, వీధిలో చేపలమ్మే ఆవిడ కేక కూడా వినపడింది. వేలి గోరంత సీసాలో దూది, అందులో నూనె. నుదుటి మీద రాశారు. అరచేతులకి రాయబోతూ ఆగి, ‘ఫిస్టులా ఏ చేతికమ్మా?’ అని అడిగారు. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన చేయి అది, దాన్ని గట్టిగా పట్టుకోకూడదు, బీపీ కూడా ఆ చేతికి చూడకూడదు. అమ్మ ఎడం చేయి చూపించింది. ఆయన ఆ చేతిని కింద నుంచి తన అరచేతిలో పెట్టుకున్నారు, లోపల రక్తం గుర్రుమని పారుతున్న అదురు ఆయన వేళ్ళకి తగిలి ఉంటుంది, ఒక్క క్షణం అలాగే ఉండి, అప్పుడు మెల్లగా నూనె రాశారు. నెలల తరబడి ఆ చేతిని పట్టుకున్నవాళ్ళందరూ సూది కోసమే పట్టుకున్నారు. అమ్మ ఏడ్చింది. మర్నాడు పొద్దున్న నేను కాఫీ ఇస్తుంటే, ‘తలెలా ఉందో చూడు, జడెయ్యవే’ అంది.

నేను స్వస్థత అంటున్నది దాన్నే. కిడ్నీ రిపోర్టులో ఏ అంకే మారలేదు.

ప్రొటెస్టెంట్ సంఘాల్లో దీనికి ఆధారం యాకోబు పత్రిక 5వ అధ్యాయం. రోగి సంఘపు పెద్దల్ని పిలిపించుకోవాలని, వాళ్ళు నూనె రాసి ప్రార్థన చేయాలని ఉంది. గమనించండి, రోగే పిలిపించుకోవాలి, పెద్దలు తమంతట తాము తెలుసుకుని వస్తారని కాదు. చాలామంది ‘మా పాస్టర్ గారు చూడటానికే రాలేదు’ అని అలుగుతారు, ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. నూనె మామూలు ఆలివ్ నూనే, దానిలో మందు లేదు. కుట్లు మీద, పుండ్ల మీద, సెలైన్ సూది ఉన్నచోట రాయనివ్వకండి, తాగమంటే తాగకండి. సీసాకి ఇంత అని రేటు పెట్టి అమ్మే ప్రార్థన నూనె కొనకండి. నలుగురు పెద్దలు వచ్చి నలుగురూ గట్టిగా ఒకేసారి ప్రార్థిస్తే జబ్బు మనిషికి తల తిరుగుతుంది, అందుకని ఒకరి తర్వాత ఒకరు, మెల్లగా చేయమని ముందే చెప్పండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు.

అదే యాకోబు అధ్యాయంలో నూనె తర్వాత వెంటనే వచ్చేది పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోవడం. అందరూ నూనె దగ్గర ఆగిపోతారు, దీన్ని దాటేస్తారు. కథోలికులైతే పాపసంకీర్తనం ఉంది. ఎన్నేళ్ళయినా పరవాలేదు, ‘ఫాదర్ గారూ, పదేళ్ళయింది, ఎలా చెప్పాలో మర్చిపోయాను’ అంటే ఆయనే ఒక్కో మాటా అందిస్తారు. బయటికి ఒక్క మాట కూడా చెప్పకూడదన్న నియమం ఆయనకి ఉంది. మిగతావాళ్ళు నమ్మకమున్న పాస్టర్ గారితోనో, పెద్దావిడతోనో మాట్లాడుకోండి, కానీ కూటంలో మైకు ముందు మాత్రం చెప్పొద్దు. మా అమ్మకి, మా పిన్నికి స్థలం దగ్గర గొడవై ఎనిమిదేళ్ళు మాటల్లేవు. పాపసంకీర్తనం అయ్యాక అమ్మ నాతో పిన్నికి ఫోన్ కలిపించుకుంది. ఫోన్‌లో ఇద్దరూ స్థలం గురించి ఏమీ మాట్లాడుకోలేదు, ‘అన్నం తింటున్నావా’, ‘ఉప్పు తినకూడదన్నారే’, అంతే. రెండు వారాలకి పిన్ని శొంఠ్యాం నుంచి బస్సెక్కి వచ్చింది. అలాగని ప్రతి గొడవా ఇలా తీరదు, కొట్టి హింసించినవాళ్ళని క్షమించాలి కాబట్టి మళ్ళీ ఇంట్లోకి రానివ్వాలని ఎవరైనా అంటే వినకండి, అది వేరే సంగతి.

ప్రభు బల్ల సంగతి, అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం. కథోలికుల్లో గుడికి రాలేనివాళ్ళకి సత్ప్రసాదం (పూజలో ఇచ్చే ఆ రొట్టె) ఇంటికి తెచ్చి ఇస్తారు, చెప్పుకోవాలి అంతే. తీసుకునే ముందు గంట సేపు ఏమీ తినకూడదన్న నియమం రోగులకీ, వాళ్ళని చూసుకునేవాళ్ళకీ వర్తించదు, కాబట్టి ఇన్సులిన్ టైముకి వేసుకుని తినేయండి. ప్రొటెస్టెంట్ చర్చిల్లో చాలాచోట్ల నెలకి మొదటి ఆదివారం బల్ల ఆరాధన ఉంటుంది, రాలేమంటే పాస్టర్ గారు రొట్టె, ద్రాక్షారసం ఇంటికి తెస్తారు. కీమో నడుస్తున్నవాళ్ళు అందరూ తాగే గిన్నెలో తాగకండి, విడిగా చిన్న కప్పు అడగండి. మింగలేనివాళ్ళకి వేలిగోరంత ముక్క చాలు. డయాలసిస్ మనిషికి రోజుకి ఇన్ని నీళ్ళే అని కొలత ఉంటుంది, అమ్మకి ఆ ఒక్క గుక్క కూడా లెక్కే. సత్ప్రసాదం తీసుకున్నాక ఆమె తాగే నీళ్ళు ఒక చిన్న స్టీలు గ్లాసులో అడుగున ఇంత, దాన్ని చాలాసేపు నాలుక మీద ఉంచుకుని మింగుతుంది.

కొండగుడికి కూడా వెళ్ళండి, నడవగలిగితే. హార్బర్ పక్కన రాస్ హిల్ మీద మరియమాత గుడి ఉంది కదా, 1864లో రాస్ అనే దొర కట్టుకున్న ఇల్లు తర్వాత ప్రార్థన స్థలం అయ్యింది. పక్క కొండల మీద దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి. జబ్బు మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళు మూడు కొండలూ ఎక్కడం మా ఊళ్ళో మామూలే, ఎవర్నీ తప్పుపట్టను, నా మట్టుకు నాకు మరియమాత పాదాల దగ్గరే నోరు పెగులుతుంది. ఎండ ఎక్కకముందే వెళ్ళండి. రోగి పైకి రాలేకపోతే మీరే వెళ్ళి వాళ్ళ పేరు చెప్పి కొవ్వొత్తి పెట్టి రండి. అక్కడ నుంచి చూస్తే కింద ఓడలు కాలువలోకి నెమ్మదిగా వస్తుంటాయి, డయాలసిస్ నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చుని కూర్చుని బిగుసుకుపోయిన నాకు ఆ అరగంట చాలా అవసరమయ్యేది. చూసుకునేవాళ్ళకి కూడా స్వస్థత కావాలి, అది అడగడానికి సిగ్గుపడకండి.

ఫిబ్రవరిలో విజయవాడలోని గుణదల మాత తిరునాళ్ళకి విశాఖ నుంచి కూడా చాలామంది వెళ్తారు. 11వ తేదీ లూర్దుమాత పండుగ. రెండో జాన్ పాల్ పోపుగారు 1992లో ఆ రోజునే ప్రపంచ రోగుల దినంగా పెట్టారు. రోగ నిరోధక శక్తి తక్కువున్నవాళ్ళని ఆ రద్దీలోకి తీసుకెళ్ళొద్దు. అదే రోజు మీ విచారణ గుడిలో (మీ పేటకి చెందిన కథోలిక గుడిలో) రోగుల కోసం పూజ ఉందేమో కనుక్కోండి, మీ ఊళ్ళో ఉన్నది కూడా ఆ తల్లే.

ఉపవాస ప్రార్థన గురించి సూటిగా చెప్తాను. జబ్బు మనిషి ఉపవాసం ఉండక్కర్లేదు. కథోలికుల్లో విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాసం నుంచి కూడా రోగులకి మినహాయింపు ఉంది. షుగర్ మాత్రలో ఇన్సులినో వేసుకుని తినకుండా ఉంటే చెమటలు పట్టి, చేతులు వణికి, పడిపోతారు. అలా అనిపిస్తే ప్రార్థన మధ్యలో అయినా సరే వెంటనే పంచదార నోట్లో వేసుకోండి, దేవుడు ఏమీ అనుకోడు. కిడ్నీ రోగులకి ఇంకో ప్రమాదం ఉంది. ఉపవాసం విప్పేటప్పుడు సంఘంలో ప్రేమగా కొబ్బరినీళ్ళు, అరటిపండు, ఖర్జూరం ఇస్తారు, వాటిలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మనిషికి గుండె ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. మా అత్తగారు ఒకసారి కొబ్బరిబొండాం కొట్టించుకుని తెచ్చేశారు, నేను వద్దంటే ఆవిడ మొహం చిన్నబోయింది, తర్వాత డాక్టర్ గారు చెప్పాక ఆవిడే సంఘంలో అందరికీ చెప్పింది. రోగి బదులు మీరు ఉపవాసం ఉండండి. అమ్మ కోసం అత్తగారు ఇప్పటికీ శుక్రవారాలు ఉంటుంది. కథోలికురాలైన వియ్యపురాలి కోసం ఆవిడ చేస్తున్న ఉపవాసం చూస్తే నాకు మాట రాదు.

ఇంట్లో రోజూ చేసుకోవడానికి కీర్తనల గ్రంథం చాలు. 23, 91 అందరికీ వచ్చు, కానీ బాధలో ఉన్నప్పుడు అవి ఒక్కోసారి గొంతు దిగవు. అప్పుడు 13 చదవండి, ఎంతకాలం ప్రభువా అని మొదలవుతుంది. 22 చదవండి, సిలువ మీద యేసు నోట వచ్చిన కేక దానిలోదే. 88 మొదటి నుంచి చివరిదాకా చీకటే, ఆఖరి మాట కూడా చీకటి గురించే, అలాంటిది బైబిల్లో ఉందని తెలిసిన రోజున నాకు ఊపిరి ఆడింది. గట్టిగా, నెమ్మదిగా చదవండి, ఒక్కో వచనం తర్వాత గాలి పూర్తిగా వదిలి ఆగండి. పక్కన రోగి నిద్రపోయినా చదువుతూనే ఉండండి. 1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డె గ్రాంజ్ అనే ఇద్దరు మిషనరీలు ఈ విశాఖపట్నంలోనే దిగి తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు. 1810 గడిచేసరికి ఆ ఇద్దరూ లేరు. అచ్చైన పుస్తకం వాళ్ళు చూడలేదు, 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. అమ్మ మంచం పక్కన తెలుగులో వాక్యం చదువుతున్నప్పుడు వాళ్ళు నాకు గుర్తొస్తారు, వాళ్ళు ఆ పని మొదలుపెట్టింది ఈ ఊళ్ళోనే కదా అని.

స్వస్థత కూటాలకి వెళ్ళొద్దని నేను అనను. అక్కడ నిజంగా ఓదార్పు పొందినవాళ్ళు నాకు తెలుసు. వెళ్తే ఇలా వెళ్ళండి. తోడు ఒకరు ఉండాలి, మాత్రలు, నీళ్ళు, బిస్కెట్లు సంచిలో ఉండాలి, స్పీకర్లకి దూరంగా, బయటికి దారి ఉన్నచోట కూర్చోవాలి. కానుక ఎంతివ్వాలో ఇంట్లోనే అనుకుని అంతే తీసుకెళ్ళండి. తల మీద చేయి పెట్టి వెనక్కి నెడితే పడిపోవాల్సిన పని లేదు, ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్ళు ముందే కుర్చీలో కూర్చోండి. ఫలానా జబ్బు మంత్రంలా మాయమవుతుందని ప్రకటనలు వేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, అలాంటి పోస్టర్ చూస్తే ఆ కూటానికి వెళ్ళకపోవడమే మంచిది. బాగవ్వకపోతే మీ విశ్వాసం లోపం అన్నారా, లేచి వచ్చేయండి. కప్పు విప్పి నలుగురు మనుషులు పక్షవాతం ఉన్నవాణ్ణి దించారు కదా, యేసు చూసింది వాళ్ళ విశ్వాసాన్ని అని రాసి ఉంది (మార్కు 2), మంచం మీదున్నవాడికి ఎంత ఉందో ఎవరూ కొలవలేదు. నమ్మే ఓపిక లేని రోజుల్లో మోయడానికే సంఘం ఉన్నది.

మనసుకి సంబంధించిన జబ్బుల్ని దయ్యం అనేవాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. నిద్రలేకుండా ఏవో గొంతులు వినిపిస్తున్నాయన్నా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా ప్రార్థన చేయించండి, అదే రోజు డాక్టర్‌కి కూడా చూపించండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. కట్టేయడం, కొట్టడం, తిండి పెట్టకపోవడం ఎక్కడ జరిగినా అది ప్రార్థన కాదు, మీ మనిషిని వెంటనే ఇంటికి తెచ్చేసుకోండి.

సాక్ష్యం చెప్పమంటే తొందరపడకండి. రిపోర్టు చేతికి వచ్చి డాక్టర్ అవునన్నాకే జబ్బు పోయిందని చెప్పండి. అప్పటిదాకా ఉన్నదే చెప్పండి. అమ్మ మా అత్తగారి సంఘంలో ఒకసారి లేచి నిలబడి, ‘నాకు డయాలసిస్ నడుస్తోంది, సూదంటే భయం చాలా తగ్గింది, మా చెల్లి వచ్చింది, దేవునికి స్తోత్రం’ అని కూర్చుంది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆరాధన అయ్యాక ఇద్దరు కిడ్నీ రోగులు అమ్మ దగ్గరికి వచ్చి, అక్కా నీకు ఏ ఆసుపత్రిలో చేస్తున్నారు, సూది నొప్పికి ఏం చేస్తున్నావు అని అడిగారు. ఒకరికొకరు ఫోన్ నంబర్లు తీసుకున్నారు.

ఇంత చదివినా ఫాదర్ గారికో పాస్టర్ గారికో ఫోన్ చేయాలంటే చాలామందికి నోరు రాదు, ఏళ్ళుగా గుడికి వెళ్ళలేదే, ఏమనుకుంటారో అని. నేనూ మూడుసార్లు కలిపి కట్ చేశాను. నాలుగోసారి చెప్పింది ఇదే, మీరూ మీ వివరాలు పెట్టుకుని ఇలాగే చెప్పండి: ‘వందనాలండీ. మా అమ్మకి కిడ్నీల జబ్బు. ఇంటికి వచ్చి నూనె రాసి ప్రార్థన చేస్తారా? మంగళ, గురు, శనివారాలు డయాలసిస్, ఆ రోజుల్లో బాగా నీరసంగా ఉంటుంది. మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు దాటాక మెలకువగానే ఉంటుంది. ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు.’ ఎప్పుడొస్తారో ఆయన చెప్తారు. వచ్చే ముందు రోజు ఇంకోసారి గుర్తుచేయండి, ఆ పూట రోగికి నచ్చిన చీరో చొక్కానో ఉతికి సిద్ధంగా పెట్టండి.